సంఘ సంగీతము: ఎంత గట్టిగా నొక్కాలి?



గిటారు నేర్చుకునే పిల్లలు మొదట కుడి చేతినే చూసుకుంటారు. తీగ మీటేది ఆ చెయ్యి, శబ్దము వచ్చేది అక్కడ, కాబట్టి అది సహజమే. ఎడమ చెయ్యి మెడ వెనుక దాగి ఉంటుంది. నొప్పి పుట్టిన తర్వాత గాని దానిని ఎవరూ పట్టించుకోరు. ఈ నెల ఆ చేతిని గురించి వ్రాయడానికి కారణము శంషాబాద్ ప్రాంతము నుండి వచ్చిన ఒక ఉత్తరము.

వ్రాసినది ఒక తండ్రి. ఆయన తండ్రి కాలములో ఆ కుటుంబము పూలతోటలలో కూలి చేసేది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయము తెరచిన తర్వాత ఈయనకు అక్కడ సరుకులు ఎత్తి దించే షిఫ్టు పని దొరికింది. వారి గ్రామ సంఘములో గిటారు వాయించే యౌవనుడు ఉద్యోగము వచ్చి బెంగుళూరు వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ తన గిటారును ఈయన కుమార్తెకు ఇచ్చాడు. అమ్మాయికి పన్నెండేండ్లు. ఎంతో ఆసక్తితో ఒక మాస్టారు దగ్గర చేరింది. స్వరము సరిగా పలకకపోతే ఇంకా గట్టిగా నొక్కమని అక్కడ చెప్తున్నారట. అలా నొక్కి నొక్కి, మూడు నెలలు తిరిగేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకున్నది. పొద్దున్నే పాలచెంబు ఎడమ చేత్తో ఎత్తలేకపోతున్నదని తల్లి గమనించింది. "మానిపిస్తే ఆదివారము పాటకు గిటారు ఉండదు. మానిపించకపోతే పిల్ల చెయ్యి ఏమవుతుందో" అన్నది ఆ తండ్రి బెంగ.

మా జవాబు ముందే చెప్తాము. గిటారు మానిపించనక్కరలేదు. గట్టిగా నొక్కడము మాత్రము ఈ రోజే మానాలి. నొప్పి తగ్గేవరకు కొన్నాళ్లు గిటారు పక్కన పెట్టడము కూడ అవసరమే. ఆ తర్వాత ఎలా మొదలుపెట్టాలో ఇక్కడ వ్రాస్తున్నాము. ఇందులో చాలా భాగము క్లాసికల్ గిటారు వాయించేవారు రెండు వందల ఏండ్లుగా నేర్చుకున్నది. మన సంఘాలలో కార్డులు మాత్రమే వాయించేవారికి కూడ అంతే పనికివస్తుంది.

మొదట గిటారు సంగతి. ఆ యింటికి వెళ్లి మేము గిటారు చేతికి తీసుకున్నాము. పెద్దవాళ్లు వాయించే నిండు సైజు, ఇనుప తీగలు. పన్నెండవ మెట్టు దగ్గర తీగ కింద బాల్‌పెన్ను రీఫిల్లు పెడితే తగలకుండా అటునుండి ఇటు దూరిపోయింది. తీగలు అంత ఎత్తున ఉంటే పిల్ల వేళ్లు కాదు గదా, పెద్దవాళ్ల వేళ్లు కూడ అరిగిపోతాయి. ఇనుప తీగల గిటారుకు అక్కడ 2 నుండి 3 మి.మీ. ఎత్తు చాలును. నైలాను తీగల క్లాసికల్ గిటారుకు సన్న తీగ దగ్గర 3, లావు తీగ దగ్గర 4 మి.మీ. వరకు ఉంటుంది.

ఇంకొక పరీక్ష ఉన్నది, దీనికి కొలబద్ద కూడ అక్కరలేదు. మూడవ మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టుకొని, మొదటి మెట్టు మీద తీగకు, మెట్టుకు మధ్య సందు చూడండి. వెంట్రుక దూరేంత ఉంటే మంచిది. కాగితము మడత పెట్టి దూర్చగలిగేంత ఉంటే, మెడ చివర తీగలు కూర్చునే గాడులు లోతు చాలలేదన్నమాట. అటువంటి గిటారు మీద మొదటి మెట్టు కార్డులు, ముఖ్యముగా ఎఫ్ కార్డు, ఎంత బలవంతునికైనా కష్టమే. వాయిద్యాలు బాగుచేసేవారు ఆ గాడులను సన్నని ఆకురాయితో లోతు చేసి ఇస్తారు. ఇంట్లో మాత్రము మీరు ప్రయత్నించవద్దు. ఒక్క గీత ఎక్కువైతే తీగ మెట్టుకు తగిలి జివ్వుమంటుంది. పిల్లవాడికి చేతకావడము లేదని తిట్టేముందు ఈ రెండు పరీక్షలు చేయమని తల్లిదండ్రులను కోరుతున్నాము. చాలా ఇండ్లలో తప్పు చెక్కలో ఉంటుంది, తిట్లు పిల్లలకు పడతాయి.

తీగల బరువు కూడ తెలుసుకోవాలి. ఇనుప తీగల గిటారు మీద ఆరు తీగలు కలిసి లాగే బలము సుమారు 70 కిలోలు, దాదాపు ఒక వడ్ల బస్తా. నైలాను తీగలు లాగేది సుమారు 40 కిలోలు. చిన్న వేళ్లకు నైలాను ఎందుకు హాయిగా ఉంటుందో దీనిని బట్టి తెలుస్తుంది. పూర్వము ఆ తీగలను జంతువుల ప్రేగులతో చేసేవారు. 1940లలో న్యూయార్కులో ఆల్బర్ట్ ఆగస్టిన్ అనే పనివాడు నైలానుతో చేయగా, స్పెయిన్ దేశపు ఆండ్రెస్ సెగోవియా వాటిని మెచ్చి వాడుకలోకి తెచ్చాడు. అయితే జాగ్రత్త. నైలాను తీగల కోసము చేసిన గిటారుకు ఇనుప తీగలు ఎన్నడూ బిగించవద్దు. తీగలు కట్టే బ్రిడ్జి చెక్క ఊడి వచ్చేస్తుంది.

ఇక నొక్కడము. మన పాఠకులలో చాలామంది వీణను చూసి ఉంటారు. వీణ మీద 24 మెట్లు, క్లాసికల్ గిటారు మీద సాధారణముగా 19. వీణ మీద తీగను పక్కకు లాగి గమకము పలికిస్తారు, దానికి బలము కావాలి. గిటారు మీద తీగ ఆ మెట్టుకు ఆనుకుంటే చాలు, పని అయిపోయినట్లే. ఆనిన తర్వాత ఇంకా ఎంత నొక్కినా శబ్దము పెరగదు. పైగా తీగ వంగి శ్రుతి కొంచెము ఎక్కిపోతుంది. సంఘములో గిటారు శ్రుతి చేసి ఉన్నా కార్డు ఎందుకో అపశ్రుతిగా వినిపిస్తుంటే కారణము చాలాసార్లు ఇదే.

ఎంత నొక్కాలో తెలుసుకోవడానికి ఇలా చేయండి. చూపుడు వేలు అయిదవ మెట్టు దగ్గర, మెట్టుకు సరిగ్గా వెనుకగా, తీగ మీద ఊరికే ఆనించండి. కుడి చేత్తో మీటుతూ ఉండండి. మొదట టప్ అని మూగగా వినిపిస్తుంది. కొంచెము కొంచెముగా నొక్కండి. జివ్వుమంటుంది. ఇంకొంచెము. స్వరము శుభ్రముగా పలుకుతుంది. అక్కడే ఆపండి. కావలసిన బలము అంతే. ఇప్పుడు ఆ వేలిని మెట్టుకు దూరముగా, రెండు మెట్ల నడుమకు జరిపి మళ్లీ అదే చేయండి. అదే స్వరము కోసము ఇప్పుడు ఎక్కువ నొక్కవలసి వస్తుంది. కాబట్టి వేలు మెట్టుకు దగ్గరగా పడటమే సగము పని. మెట్టు మీదనే పడితే స్వరము మూగబోతుంది, వెనుకనే పడాలి.

ఆ అమ్మాయి చేత ఇది చేయించినప్పుడు, మొదటిసారి శుభ్రముగా పలికిన చోట ఆగకుండా అలవాటు కొద్దీ ఇంకా నొక్కేసింది. "ఆపు" అంటే ఆగడము ఆమెకు నాలుగైదు సార్లకు గాని రాలేదు. ఇది రోజూ రెండు నిమిషాలు, నాలుగు వేళ్లతోనూ చేయాలి. చేతికి తక్కువ బలముతో పని చేయడము నేర్పాలంటే చెవితోనే నేర్పాలి.

బొటనవేలి సంగతికి వద్దాము, నొప్పి పుట్టినది అక్కడే గనుక. పొలము పని చేసే చేతికి ఒక పట్టు బాగా అలవాటు: కొడవలి పిడి, పార కర్ర, బిందె మెడ. బొటనవేలు ఒక వైపు, నాలుగు వేళ్లు మరొక వైపు, మధ్యలో బిగించడము. గిటారు మెడను కూడ అలాగే పిడికిట పట్టేస్తారు. ఫెర్నాండో సోర్ అనే స్పెయిన్ సంగీతకారుడు 1830లో పారిస్‌లో ప్రచురించిన గిటారు పుస్తకములోనే బొటనవేలు మెడ మీదుగా పైకి రాకూడదనీ, వెనుక నడుమ ఉండాలనీ బోధించాడు. ఉరుగ్వే దేశస్థుడైన ఆబెల్ కార్లెవారో (1916-2001) ఇంకొక అడుగు ముందుకు వేశాడు. వేళ్లు ఒంటరిగా కష్టపడకూడదు, చెయ్యంతా, భుజము నుండి, వేలిని దాని చోటికి చేర్చాలి అన్నది ఆయన పద్ధతి. ఆయన వ్రాసిన నాలుగు అభ్యాస పుస్తకాలలో మూడవది, నాలుగవది ఎడమ చేతికే కేటాయించాడు.

దానిని ఇంట్లో ఇలా పరీక్షించవచ్చు. గిటారు పొట్టను కుడి మోచేతి ముందు భాగముతో మెల్లగా రొమ్ముకు ఆనించి పట్టండి. ఎడమ బొటనవేలిని మెడ నుండి పూర్తిగా తీసేయండి. ఇప్పుడు ఒక వేలితో ఒక స్వరము నొక్కండి. పలుకుతుంది! చేతి బరువు కిందికి వ్రేలాడుతూ వేలిని వెనక్కు లాగుతున్నది, అదే తీగను నొక్కుతున్నది. బొటనవేలు లేకుండా పలికిన తర్వాత దానిని తిరిగి మెడ వెనుక, మధ్యవేలికి ఎదురుగా, ఊరికే ఆనించండి. దారి చూపడానికే అది, బిగించడానికి కాదు. మణికట్టు బాగా మెలి తిరిగి ఉంటే బొటనవేలు తప్పనిసరిగా బిగుసుకుంటుంది, అది కూడ చూసుకోవాలి.

కూర్చునే తీరు సరిగా లేకపోతే ఇదంతా వ్యర్థము. మన గ్రామ సంఘాలలో చాప మీద, జంపఖానా మీద బాసిపట్లు వేసుకొని కూర్చొని వాయిస్తారు. అలా కూర్చుంటే గిటారు మెడ నేలకు వాలిపోతుంది. వాలిన మెడను మోయడము ఎడమ చేతి మీద పడుతుంది. మోసే చెయ్యి వాయించలేదు. క్లాసికల్ గిటారువారు కుర్చీ అంచున కూర్చొని, ఎడమ పాదము కింద సుమారు 15 సెం.మీ. ఎత్తు చిన్న పీట పెట్టుకొని, గిటారును ఎడమ తొడ మీద ఉంచుతారు. మెడ పైకి లేచి, గిటారు తల దాదాపు కంటి ఎత్తుకు వస్తుంది. మన ఇండ్లలో పీటలకు కొదువ లేదు. రెండు ఇటుకల మీద గోనె పరచినా సరిపోతుంది. చాప మీదే కూర్చోవలసి వస్తే మడత పెట్టిన దుప్పటి ఎడమ తొడ మీద వేసుకొని గిటారును ఎత్తుగా పెట్టుకోండి. నిలబడి వాయించేవారు పట్టీని పొట్టి చేసుకోవాలి. గిటారు మోకాళ్ల దాకా వ్రేలాడడము సినిమాలో చూడటానికి బాగుంటుందేమో గాని మణికట్టుకు మంచిది కాదు.

చిన్న చేతులకు ఇంకొక మాట. నిండు సైజు క్లాసికల్ గిటారు మీద మ్రోగే తీగ పొడవు సుమారు 650 మి.మీ. దాని మీద మొదటి మెట్టు నుండి నాలుగవ మెట్టుకు దూరము సుమారు 98 మి.మీ. అదే అయిదవ మెట్టు నుండి ఎనిమిదవ మెట్టుకు 77 మి.మీ. మాత్రమే. అంటే మెడ మీద పైకి వచ్చే కొద్దీ మెట్లు దగ్గరవుతాయి, నాలుగు వేళ్లు చాచే దూరము రెండు సెంటీమీటర్లు తగ్గిపోతుంది. అయినా పిల్లలందరినీ మొదటి మెట్టు దగ్గరే మొదలుపెట్టిస్తారు. అది చేతికి అన్నిటికంటె కష్టమైన చోటు! చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు వరుసగా ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్కటి పెట్టే అభ్యాసము అయిదవ మెట్టు దగ్గర మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయము. ఒక వేలు పడినప్పుడు ముందు వేలు బిగుతు వదలాలి. చిటికెన వేలు గాలిలోకి ఎగిరిపోకుండా తీగకు దగ్గరగా ఉండాలి. ఎడమ చేతి గోళ్లు పూర్తిగా కత్తిరించి ఉండాలి.

పిల్లలకు ముప్పావు సైజు గిటారు దొరుకుతుంది, దాని తీగ పొడవు సుమారు 580 మి.మీ. కొనే స్తోమత లేనివారు విచారపడవద్దు. మెడకు బిగించే కేపో అనే క్లిప్పు వాయిద్యాల దుకాణాలలో దొరుకుతుంది. నిండు సైజు గిటారు రెండవ మెట్టు దగ్గర దానిని బిగిస్తే మిగిలిన తీగ పొడవు 579 మి.మీ. అవుతుంది, అంటే ముప్పావు గిటారే! పైగా తీగలు మెట్లకు దగ్గరగా దిగుతాయి, గాడుల ఎత్తు బాధ కూడ పోతుంది. శ్రుతి మాత్రము ఒక పూర్తి స్వరము పెరుగుతుంది. డి కార్డు పడితే ఇ పలుకుతుంది. సంఘము డి శ్రుతిలో పాడుతుంటే అమ్మాయి సి కార్డు ఆకారము పట్టుకుంటే సరిపోతుంది. ఈ లెక్క హార్మోనియము వాయించే పెద్దకు ముందుగానే చెప్పి పెట్టుకోండి, లేకపోతే ఆదివారము ఉదయము గందరగోళమవుతుంది.

ఎఫ్ కార్డు గురించి ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. చూపుడు వేలితో ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలని బిగించి ఏడ్చేవారిని చూశాము. నిజానికి ఆ వేలు పలికించవలసినవి మూడే: ఒకటవ తీగ, రెండవ తీగ, ఆరవ తీగ. నడుమ మూడు తీగలను మిగతా వేళ్లు చూసుకుంటాయి. కాబట్టి నడుమ భాగము నొక్కకపోయినా పరవాలేదు. చూపుడు వేలిని బొటనవేలి వైపు అంచు మీదికి కొంచెము దొర్లించండి. అక్కడ ఎముక గట్టిగా, మెత్తని కండ తక్కువగా ఉంటుంది. ఆ ఆకారమును మొదట అయిదవ మెట్టు దగ్గర పట్టండి, అది ఎ కార్డు. అక్కడ సులువుగా పలికిన తర్వాత వారానికి ఒక మెట్టు చొప్పున కిందికి దిగండి. మూడవ మెట్టుకు వచ్చేసరికి జి అవుతుంది, మొదటి మెట్టుకు ఎఫ్.

కార్డులు పట్టుకోవడముతోనే ఎడమ చేతి పని ముగిసిపోదు. రాగము, తాళము పేర్లతో అచ్చయిన మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను తీసుకోండి. పురుషోత్తమ చౌదరి గారి (1803-1890) కీర్తనలు అందులో ఎన్నో ఉన్నాయి. వాటిలో స్వరము నుండి స్వరానికి జారుడు ఉంటుంది. కార్డులు గీకుతూ పోతే ఆ జారుడు పోతుంది. క్లాసికల్ గిటారులో కుడి చేత్తో మళ్లీ మీటకుండా, ఎడమ చేతి వేలిని తీగ మీద సుత్తిలా వేసి పై స్వరమును, వేలిని అరచేతి వైపు లాగి వదిలి కింది స్వరమును పలికించే పద్ధతి ఉన్నది. తెలిసిన కీర్తన వరుసను ఒకే తీగ మీద ఇలా వాయించి చూడండి. వేలు వేగముగా, సూటిగా పడితే పలుకుతుంది. బలముగా పడనక్కరలేదు. దీనితో చిటికెన వేలికి వచ్చే నేర్పు వేరే ఏ అభ్యాసముతోనూ రాదు.

ఇంట్లో మెత్తగా వాయించే పిల్లలు సంఘములో ఎందుకు బిగుసుకుంటారో కూడ చెప్పాలి. పక్కన డోలక్, కీబోర్డు, ఎదుట స్పీకరు. విమానము తల మీదుగా పోయే సమయమైతే ఇక చెప్పనక్కరలేదు. తన గిటారు తనకు వినిపించదు. వినిపించనప్పుడు మనిషి తెలియకుండానే గట్టిగా నొక్కుతాడు. ఎడమ చేతి నొక్కుడు వలన శబ్దము రవ్వంత కూడ పెరగదని తెలిసినా చెయ్యి వినదు. సౌండు చూసే సహోదరులారా, గిటారు వాయించే పిల్లలను డోలక్ పక్కన కాక కొంచెము ఎడముగా కూర్చోబెట్టండి. వారి శబ్దము వారికి వినిపించేటట్లు చూడండి. ఇది సంగీతము కంటె ఆరోగ్యము సంగతి.

నొప్పులలో తేడా తెలుసుకోవాలి. వ్రేలి కొసలు మండడము, చర్మము గట్టిపడడము మామూలే, కొన్ని వారాలలో సర్దుకుంటుంది. బొటనవేలి మొదట్లో, మణికట్టులో, మోచేతి దగ్గర నొప్పి మామూలు కాదు. తిమ్మిరి, రాత్రి నిద్రలో వేళ్లు మొద్దుబారడము అసలే మామూలు కాదు. అప్పుడు నూనె మర్దనలతో కాలము గడపకుండా డాక్టరుకు చూపించాలి. బరువులు ఎత్తే పని, పాలు పితకడము, గంటల తరబడి ఫోను పట్టుకోవడము కూడ ఆ చేతి లెక్కలోనే కలుస్తాయి. ఒక గంట ఏకధాటిగా కాక పది నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు సాధన చేయించండి. డిసెంబరులో క్రిస్మస్ పాటల కోసము పిల్లలను ప్రతి సాయంత్రము మూడేసి గంటలు కూర్చోబెట్టే అలవాటు చాలా సంఘాలలో ఉన్నది. నవంబరులోనే కొంచెము కొంచెముగా మొదలుపెట్టమని క్వయరు పెద్దలకు మా మనవి.

యంత్రములో పడి వేలు పోయినవారు తమకు గిటారు రాదని అనుకుంటారు. బెల్జియములో పుట్టిన జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు వాద్యకారునికి 1928లో, పద్దెనిమిదవ యేట, నివాసముండే బండి అంటుకొని ఎడమ చెయ్యి కాలిపోయింది. ఉంగరపు వేలు, చిటికెన వేలు దాదాపు పనికిరాకుండా పోయాయి. రెండు వేళ్లతో తన స్వరాల వరుసలను కొత్తగా అమర్చుకొని, యూరపు అంతటా పేరుపొందిన వాద్యకారుడు అయ్యాడు. అటువంటివారు మాకు వ్రాస్తే, ఉన్న వేళ్లకు తగిన కార్డు ఆకారాలు పంపించడానికి ప్రయత్నిస్తాము.

చివరగా ఎండలు. రేకుల కప్పు కింద, ఆటో వెనుక సీటులో గిటారును వదలవద్దు. మే నెల వేడికి జిగురు మెత్తబడుతుంది, చెక్క ఎండి పగులుతుంది. వానకాలములో చెక్క తేమ పీల్చి పొంగితే తీగలు పైకి లేస్తాయి. జూలైలో గిటారు హఠాత్తుగా గట్టిబడినట్లు అనిపిస్తే పైన చెప్పిన రీఫిల్లు పరీక్ష మరొకసారి చేయండి.

వచ్చే నెల కుడి చేతి సంగతి. పొలములో పని చేసేవారు మీటే గోళ్లను విరగకుండా ఎలా కాపాడుకోవాలో వ్రాస్తాము.